రెండు నెక్‌ల పెడల్ స్టీల్: ఈ-9 అవతల ఉండటమే మేలా?

పెడల్ స్టీల్ గిటారుల్లో డి-10 అంటే రెండు నెక్‌లు (తీగలు పరిచిన పొడవాటి పలకలు), ఒక్కోదానికి పది తీగలు. నా దానికి కింద ఎనిమిది పెడళ్ళు, మోకాళ్ళతో నెట్టే లీవర్లు ఐదు. డాలస్ పరిసరాల్లో వెస్టర్న్ స్వింగ్ (జాజ్ కలిసిన కంట్రీ నృత్య సంగీతం), పాతకాలపు కంట్రీ పాటలు వాయించే ఒక చిన్న బృందంలో దీన్ని ఏళ్ళ తరబడి వాయిస్తున్నాను. దీని నాదం గురించి రాయడం నా ఉద్దేశం కాదు. కొనేముందు దాని గురించి అందరూ అడుగుతారు. ఏ నెక్ వాయించేవాడి వైపు ఉండాలి, ఏది సభ వైపు ఉండాలి అన్నది మాత్రం ఎవరూ అడగరు. రోజూ వాయించేవాడి భుజానికీ నడుముకీ తెలిసే సంగతి అదే.

ఈ వాద్యాన్ని చూడనివారి కోసం కొంచెం చెప్పాలి. నాలుగు కాళ్ళ మీద బల్లలా నిలబడి ఉంటుంది, మనం వెనక కూర్చుంటాం. ఎడమచేతిలో ఉక్కు కడ్డీ తీగల మీద జారుతుంది, కుడిచేతి వేళ్ళు మీటుతాయి. ఎడమపాదం పెడళ్ళ మీద, కుడిపాదం వాల్యూమ్ పెడల్ మీద ఉంటాయి. పెడల్ తొక్కినా, లీవరు నెట్టినా ఎంపిక చేసిన తీగల శ్రుతి పెరుగుతుంది లేదా తగ్గుతుంది. మిగతావి కదలవు.

ఈ-9, సీ-6 అన్నవి ఒక్కో నెక్ తీగలను శ్రుతి చేసే తీరుల పేర్లు. వాడుకలో స్థిరపడిన అమరిక ఇది: ఈ-9 నెక్ అవతల, సభ వైపు. సీ-6 నెక్ ఇవతల, మన పొట్ట వైపు. ఎడమ చివరి మూడు పెడళ్ళు ఈ-9వి, ఆ పక్క ఐదు సీ-6వి. లీవర్లను రెండు నెక్‌లూ పంచుకుంటాయి. నాష్‌విల్ స్టూడియోల్లో వినిపించే ఏడుపు లాంటి జారుడు స్వరాలు ఎక్కువగా ఈ-9వి, నిండైన జాజ్ తీగకట్లు (కార్డ్‌లు) సీ-6వి.

మన స్వరాల్లో చెబితే తేడా వెంటనే పట్టుబడుతుంది. ఈ-9లో ‘ఈ’ (E) అనే స్వరాన్ని షడ్జమం అనుకోండి. మొదటి పెడల్ పంచమాన్ని చతుశ్రుతి ధైవతానికి ఎత్తుతుంది. రెండోది అంతర గాంధారాన్ని శుద్ధ మధ్యమానికి ఎత్తుతుంది. ఒక లీవరు షడ్జమాన్ని కాకలి నిషాదానికి దించుతుంది. సీ-6 ఖాళీ తీగల్లో ప్రధానంగా వినిపించేవి స, గ, ప, ధ: రిషభం లేని మోహనం. నేను మొదట ప్రేమించింది సీ-6నే, అందుకు ఇదొక కారణం. అందులో ఏడో పెడల్ తొక్కితే మూడో తీగ షడ్జమం నుంచి రిషభానికి లేస్తుంది. నాలుగో తీగ ధైవతం అదే తొక్కుడుతో నిషాదమవుతుంది.

ఒకటి కంటే ఎక్కువ నెక్‌లు పెడళ్ళ కంటే పాతవి. పెడళ్ళు లేని రోజుల్లో శ్రుతి మారాలంటే నెక్ మారాల్సిందే. అందుకే మూడు, నాలుగు నెక్‌ల స్టీల్ గిటార్లు కూడా ఉండేవి. కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ రికార్డులో స్టీల్ వాద్యకారుడు బడ్ ఐజాక్స్ వాయించిన పెడల్ ధ్వని 1954లో జనంలోకి వెళ్ళాక అందరికీ పెడల్ కావాల్సి వచ్చింది. 1960ల తొలినాళ్ళలో మరో స్టీల్ వాద్యకారుడు బడ్డీ ఎమన్స్ ఈ-9కి పైన రెండు తీగలు చేర్చాడు. ఇప్పుడు మనం వాయించే పది తీగల కట్టు అలా వచ్చిందే. పెడళ్ళు వచ్చాక నెక్‌ల సంఖ్య తగ్గింది గానీ, రెండు మాత్రం మిగిలాయి.

ఇక నా అనుభవం. ఈ-9 వాయిస్తున్నప్పుడు కుడిచేయి ఇవతలి సీ-6 తీగలు దాటి ముందుకు చాపాలి. ముందు పొయ్యి మీది గిన్నె దాటి వెనక గిన్నెలో గరిటె తిప్పడం లాంటి పని అది. మొదట్లో వేళ్ళకు తొడుక్కున్న పిక్‌లు సీ-6 తీగలకు తగిలి టింగుమనేవి. ఏ నెక్ ధ్వని బయటికి వెళ్ళాలో ఎంచే సెలెక్టర్ స్విచ్ ఈ-9 వైపు ఉంటే ఆ చప్పుడు యాంప్లిఫయర్‌లోకి పోదు, కానీ మన చెవికి చేరుతుంది, ఏకాగ్రత పోతుంది. వాడని నెక్ తీగల మీద పిక్కప్ (తీగల ధ్వనిని అందుకునే భాగం) దగ్గర మందపాటి ఫెల్ట్ ముక్క పరిస్తే ఆ బాధ తీరింది.

అయినా నేను అవతలి నెక్ వైపే మొగ్గుతాను. కారణం మోకాళ్ళు. లీవర్లు గిటారు అడుగున స్థిరంగా ఉంటాయి. వాటికి మోకాళ్ళు సరిగ్గా ఆనాలంటే కుర్చీ ఒకే చోట ఉండాలి, ఒకే ఎత్తులో ఉండాలి. పదిహేనో ఫ్రెట్‌కు (ఫ్రెట్ అంటే స్వరస్థానాన్ని చూపే గీత) ఎదురుగా పొట్ట ఉండేలా నేను కూర్చుంటాను. నెక్ మారినప్పుడల్లా కుర్చీ వెనక్కీ ముందుకీ జరిపే వీలు లేదు, జరిపితే లీవరు తొడకు తగులుతుంది. కాబట్టి మోకాళ్ళు కుదిరిన చోట కూర్చుని చేతులు వదిలేస్తే అవి సహజంగా ఏ నెక్ మీద వాలుతున్నాయో, ఎక్కువగా వాయించేది అక్కడ ఉండాలి. నా చేతులు పొడుగు, అవతలి నెక్ మీద వాలతాయి. ఇవతలి నెక్ వాయిస్తే మోచేతులు పక్కటెముకలకు నొక్కుకుంటాయి, కడ్డీ ఫ్రెట్ గీత మీద సరిగ్గా ఉందో లేదో చూడటానికి తల బాగా వంచాలి. గంటన్నర సీ-6 వాయించిన రాత్రి నొప్పి పుట్టేది నా మెడే.

దీనికి తోడు పాదం ప్రయాణం ఒకటి. సీ-6 పెడళ్ళు గిటారు మధ్య భాగం వైపు ఉంటాయి గనుక ఎడమపాదం కుడివైపుకు జరుగుతుంది. దాంతో ఎడమ మోకాలు తన లీవర్లకు దూరమవుతుంది. అందుకే నా గిటారులో సీ-6కు పనికొచ్చే లీవర్లన్నీ కుడి మోకాలి వైపే కట్టించుకున్నాను. ఇవతల, అవతల అన్న వాదనలో ఈ విషయం మరచిపోతుంటారు. నెక్‌లు తారుమారు చేసినంత మాత్రాన పెడళ్ళు తారుమారు కావు.

తిరగేసిన అమరిక కూడా వాయించి చూశాను. మా బృందంలో పెద్దాయన ఒకరు శస్త్రచికిత్స చేయించుకుని విశ్రాంతిలో ఉన్నప్పుడు తన గిటారు నా దగ్గర వదిలివెళ్ళారు. అందులో సీ-6 అవతల, ఈ-9 ఇవతల. ఆయన వాయించేది దాదాపు అంతా స్వింగ్. తాను ప్రేమించే నెక్‌ను సభ వైపు పెట్టుకున్నారు, అంతే. కొన్ని నెలలు వాయించాక నాకు అర్థమైంది ఏమిటంటే, సీ-6 అవతల ఉన్నప్పుడు ఐదు, ఆరు పెడళ్ళు కలిపి తొక్కే తీగకట్లు మరింత నిదానంగా, శుభ్రంగా వచ్చాయి. అరచేతి అంచుతో తీగలను ఆపే పని సులువైంది, ఎందుకంటే ముంజేయి చాపి ఉంటే మణికట్టు వంగదు. కానీ ఇవతలికి వచ్చిన ఈ-9 మాత్రం ఇరుకుగా తోచింది. అక్కడ మూడో తీగ 0.011 అంగుళాల సన్నటిది, ఎక్కువగా తెగేది అదే. కడ్డీ నిలిపిన తీరు కొంచెం చెడినా శ్రుతి తప్పుతుంది. చేతులు పొట్టిగా ఉన్నవారికి, ముందుకు వంగితే నడుము పట్టేసేవారికి ఈ తిరగేసిన అమరిక బాగా నచ్చుతుందని నేను నమ్ముతాను. అది తప్పని కొట్టిపారేసే అనుభవజ్ఞులతో నాకు పేచీ ఉంది. పెడళ్ళ వరుసనే స్టీల్ వాద్యకారుడు జిమ్మీ డే అద్దంలో చూసినట్టు తిరగేసి పెట్టుకున్నాడు. ఆ వరుసను ఈనాటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు, ఎవరూ తప్పు అనడం లేదు.

తిరగేయాలనుకునేవారికి ఒక్క హెచ్చరిక. తీగలు మార్చేసి ఊరుకుంటే కుదరదు. అడుగున ఉన్న లాగుడు కడ్డీలు, అడ్డ ఇరుసులు, వాటి మీది మీటలు అన్నీ ఏ తీగకు ఏ పెడల్ అన్న లెక్కతో ఉంటాయి. నెక్‌లు మారితే ఆ లెక్కంతా మళ్ళీ కట్టాలి. చేయి తిరిగిన మెకానిక్‌కు కూడా రోజుల పని. పైగా అమ్మేటప్పుడు కొనేవారు తక్కువ, పాఠాలు చెప్పే గురువు గిటారు దగ్గర కూర్చుంటే చేయి తడబడుతుంది.

బరువు గురించి తిట్టుకోకుండా రాయలేను. కేసుతో కలిపి నాది 30 కిలోలకు పైనే. హాలు మెట్లు ఎక్కేటప్పుడు నేను ఒక్క పాటకు కూడా సీ-6 వాయించని రాత్రుల గురించే ఆలోచిస్తాను. స్వింగ్ జోలికి వెళ్ళనివారికి ఎస్‌డి-10 చాలు. శరీరం రెండు నెక్‌ల వెడల్పే, కానీ ఇవతలి నెక్ స్థానంలో మెత్తటి దిండు ఉంటుంది. ఈ-9 తన దూరంలోనే ఉంటుంది, ముంజేయి దిండు మీద ఆనుతుంది. రెండు నెక్‌ల పనీ ఒకే నెక్‌తో చేసే పన్నెండు తీగల యూనివర్సల్ ఉంది, ‘ఈ’ (E) స్వరపు తీగలను లీవరుతో అర్ధస్వరం దించితే అదే నెక్ సీ-6 లాంటి బీ-6గా మారుతుంది. నాకు పాట పొడవునా లీవరు నొక్కిపట్టడం నచ్చలేదు. నొక్కిన చోటే లాక్ అయి నిలిచే లీవరు దొరికితే ఆ ఇబ్బంది పోతుంది.

వాడిన డి-10 కొంటుంటే అమ్మేవారి కుర్చీలో కాకుండా మీ కుర్చీ తీసుకెళ్ళి కూర్చోండి. మోకాళ్ళు లీవర్లకు కుదిరాక కుర్చీ కదపకుండా రెండు నెక్‌ల మీదా మూడో ఫ్రెట్ దగ్గరా పదిహేనో ఫ్రెట్ దగ్గరా కడ్డీ పెట్టి చూడండి. అరగంట తర్వాత భుజం ఏమంటుందో వినండి, ఆ తర్వాతే ధర మాట్లాడండి.