తీగ ఉన్న పట్టీయే కొనండి: యాంటీ స్టాటిక్ పట్టీ, మ్యాట్‌తో నా ఏడాది అనుభవం

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఒక సందులో నాకు ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. పన్నెండేళ్లుగా ఇదే పని. అయినా ఒంటి మీద చేరే స్థిర విద్యుత్తు (స్టాటిక్) బోర్డులను పాడుచేయకుండా మణికట్టుకు కట్టుకునే యాంటీ స్టాటిక్ పట్టీ మాత్రం కిందటి సంక్రాంతి దాకా కొనలేదు. సముద్రం దగ్గరి ఊరు, గాలిలో ఎప్పుడూ తేమే, తేమలో ఆ విద్యుత్తు అంతగా నిలవదు, మనకు పట్టీతో పనేముందిలే అనుకునేదాన్ని. ఆ నమ్మకానికి పద్నాలుగు వందల రూపాయలు చెల్లించాను.

జనవరిలో ఒక ఉదయం, పొడిగా ఉత్తరపు గాలి వీస్తోంది. నెల్లిమర్ల నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఫోను విప్పి బోర్డు బల్ల మీద పెట్టాను. స్క్రూడ్రైవరు కోసం ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి, తిరిగి వచ్చి బోర్డు అంచు పట్టుకోగానే వేలి కొసన చిటుక్కుమంది. సూది మొన తగిలినట్టు చిన్న నొప్పి. అంతకు ముందు ఆ ఫోనుకు ఉన్న జబ్బల్లా స్పీకరు మోగకపోవడమే. ఆ తర్వాత ఛార్జింగే ఎక్కలేదు, బోర్డు మీది చిప్పు (ఐసీ) పోయింది. ఆయనకు జరిగింది జరిగినట్టు చెప్పి, నా డబ్బుతో మార్చి ఇచ్చాను. "చెప్పావు కదమ్మా, అదే చాలు" అన్నారాయన. ఆ మాటకు నాకు మరింత బాధ కలిగింది.

ఆ రోజు నా ఒంటి మీద పాలిస్టర్ చుడీదార్, నైలాన్ చున్నీ. కాళ్లకు రబ్బరు చెప్పులు, నేల మీద వినైల్ షీటు. రెండు వస్తువులు తగిలి విడిపోయినప్పుడు ఒకదానిలోని ఎలక్ట్రాన్లు కొన్ని రెండోదానికి వెళ్లిపోతాయి. కుర్చీలోంచి లేవడంలో జరిగేది అదే, దాంతో ఒంటి మీద విద్యుత్తు చేరుతుంది. ఇంట్లో వట్టి కాళ్లతో సిమెంటు నేల మీద తిరుగుతాం కాబట్టి ఆ విద్యుత్తు నేలలోకి జారిపోతుంది. దుకాణంలో దానికి దారి లేదు. మనకు చురుక్కుమని తెలియాలంటే ఒంటి మీద సుమారు 3,000 వోల్టులు చేరాలి. కొన్ని ఐసీలు దెబ్బతినడానికి 100 వోల్టులు కూడా అక్కర్లేదు. అంటే నాకు ఏమీ తెలియకుండానే ఎన్ని బోర్డులకు హాని చేశానో! రెండు మూడు రోజులు ఇదే ఆలోచన.

మొదట తొందరపడి నూట యాభై రూపాయలు పెట్టి తీగ లేని పట్టీ ఒకటి తెప్పించాను. కట్టుకుంటే చాలు, ఒంట్లోని విద్యుత్తు గాలిలోకి పోతుందని దాని డబ్బా మీద రాసి ఉంది. సాయంత్రం దీపాలు ఆర్పి పరీక్షించాను. కుర్చీలోంచి లేచి, కరెంటు టెస్టరు చివర వేలు ఆనించి, దాని మొనను ఇనుప షట్టరుకు తాకించాను. లోపలి నియాన్ దీపం నారింజ రంగులో ఒక్కసారి మిణుక్కుమంది. పట్టీ కట్టుకున్నా, తీసేసినా అదే మెరుపు. ఐదుసార్లు చేసినా మారలేదు. పోవడానికి దారే లేనప్పుడు విద్యుత్తు ఎక్కడికి పోతుంది? ఆ పట్టీ ఎవరూ కొనవద్దు.

రెండోసారి తీగ ఉన్నది కొన్నాను, నూట ఎనభై రూపాయలు. లోపలి వైపు లోహపు పోగులున్న సాగే పట్టీ, ప్రెస్ బటన్‌తో దానికి తగిలించే చుట్టల తీగ, తీగ చివర ఎర్త్‌కు తగిలించే మొసలి క్లిప్పు. దీని ప్రాణమంతా తీగ మొదట్లో దాగిన, కరెంటును అడ్డుకునే 1 మెగా ఓము (పది లక్షల ఓముల) రెసిస్టర్‌లో ఉంది. పొరపాటున చెయ్యి 230 వోల్టుల ఫేజుకు తగిలినా, పట్టీ దారిలో 0.23 మిల్లీ ఆంపియర్లకు మించి పారనివ్వదు. ఒంటి మీద చేరే విద్యుత్తును మాత్రం రెప్పపాటుకన్నా ముందే దించేస్తుంది. తర్వాత ఎర్త్ సరిచేయించాక కట్టుకుని అదే టెస్టరుతో చూశాను, దీపం వెలగలేదు. అలాగని కరెంటులో ఉన్న పవర్ సప్లైలు విప్పేటప్పుడు దీన్ని కట్టుకోకూడదు. అక్కడ ఒంటిని ఎర్త్‌కు కలిపి ఉంచడమే ప్రమాదం.

అయితే ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ఈ పట్టీ కూడా దండగే. మా ఎలక్ట్రీషియన్ బాబాయి వచ్చి ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూస్తే అది వెలగనే లేదు. "అమ్మాయ్, ఈ సాకెట్‌లో ఎర్త్ పేరుకే ఉంది. నీ క్లిప్పు దీనికి పెట్టినా, గోడకు పెట్టినా ఒకటే" అన్నారు. ఇంటి యజమానిని ఒప్పించి వెనక పెరట్లో గొయ్యి తవ్వించి, పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేయించాం. మూడున్నర వేలు అయింది. ఎండాకాలంలో అందులో నీళ్లు పోయడం మా కుర్రాడి పని. బల్ల పక్కన పట్టీ కోసం విడిగా ఎర్త్ బోల్టు కూడా బాబాయే పెట్టారు. ఆ పని మీరు సొంతంగా మాత్రం చేయకండి.

బోర్డు కింద బల్ల మీద పరిచే యాంటీ స్టాటిక్ మ్యాట్ తొమ్మిది వందల యాభై. నీలం రబ్బరు, సోల్డరింగ్ వేడికి తట్టుకుంటుంది, దానికీ విడిగా ఎర్త్ తీగ ఉంది. దాని గురించి ఫిర్యాదు లేదు. పట్టీ గురించి ఉంది. ఆరు నెలలకే సాగి వదులైపోయింది. వదులైతే చర్మానికి ఆనదు, ఆనకపోతే కట్టుకున్నా లాభం లేదు. అందుకని రోజూ పొద్దున్నే మల్టీమీటర్ ఒక మొన క్లిప్పుకు పెట్టి, రెండోది వేళ్లతో గట్టిగా పట్టుకుని చూస్తాను. 1 మెగా ఓముకు కాస్త పైన చూపితే పని మొదలు. చలికాలంలో చర్మం పొడిబారి అంకె బాగా పెరిగితే మణికట్టు కాస్త తడి చేసుకుంటాను. మొసలి క్లిప్పు పట్టు కూడా తక్కువే, తీగ లాగితే ఊడిపోతుంది.

పని బల్ల దగ్గర పాలిస్టర్ పూర్తిగా మానేశాను. పొందూరు ఖద్దరు రోజువారీకి నా అందుబాటులో లేదు, మామూలు నూలు చుడీదార్లు వేసుకుంటున్నాను. నూలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి విద్యుత్తు దాని మీద అంతగా నిలవదు. కారు దిగినప్పుడల్లా షాక్ కొడుతోందని మా వదిన అంటే, దిగేటప్పుడే తలుపు లోహపు అంచు పట్టుకుని, కాలు నేలకు ఆనాక వదలమన్నాను. బీరువా ముట్టుకునే ముందు చేతిలోని తాళంచెవిని గట్టిగా పట్టుకుని దానితో తాకమన్నాను. నిప్పురవ్వ తాళంచెవి కొసకు దూకుతుంది, వేలికి నొప్పి ఉండదు. ఇప్పుడు ఇంటికి వచ్చినవాళ్లందరికీ వదినే అది చేసి చూపిస్తోంది.

పట్టీకి ఐదుకు మూడున్నర మార్కులు, మ్యాట్‌కు నాలుగున్నర. సాగిపోయిన పట్టీ స్థానంలో ఈసారి లోహపు గొలుసు రకం తెప్పించాను, మా కుర్రాడికి కూడా ఒకటి.