గిటార్ల గదిలో వత్తి హ్యూమిడిఫైయర్: ఐదు చలికాలాల తర్వాత

గది ఎండిపోతోందని నాకు మొదట చెప్పింది ఎడమ చేయి. గిటారు మెడ (నెక్) మీద చేతిని జరుపుతున్నప్పుడల్లా చూపుడు వేలి మొదట్లో ఏదో గీరుకునేది. వేలితో తడిమి చూస్తే తీగల కింద అడ్డంగా దిగేసిన సన్నటి లోహపు ఫ్రెట్ కమ్ముల కొనలు, వాటిని పట్టుకున్న పలక అయిన ఫ్రెట్‌బోర్డు అంచు దాటి వెంట్రుకవాసి బయటికి వచ్చి ఉన్నాయి. కమ్ములు పెరగవు కదా. వాటిని పట్టుకున్న చెక్క ముడుచుకుపోయింది. చెక్క పొడవులో పెద్దగా మారదు, అడ్డంగా మాత్రం తేమను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది.

అదే వారంలో పన్నెండో ఫ్రెట్ దాటాక తీగలు జీరపోవడం మొదలైంది. పై పలక తేమ కోల్పోయి లోపలికి కుంగితే దాని మీద తీగలను మోసే బ్రిడ్జి కూడా దిగుతుంది, తీగలు ఫ్రెట్లకు తగులుతాయి. దీని తర్వాతి మెట్టు పగులు. నాది అంతదాకా పోలేదు.

గిటార్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్లి కొనలు ఆకురాయితో అరగదీయమని అడిగాను. ఆయన ఆకురాయి ముట్టుకోలేదు. "ముందు గదికి నీళ్లు పెట్టండి, నెల తర్వాత రండి" అన్నారు. నెల తర్వాత చూస్తే చాలా కొనలు వాటంతట అవే లోపలికి సర్దుకున్నాయి. రెండు మూడింటికే పని పడింది. నేను అడిగినట్లు అప్పుడే అరగదీయించి ఉంటే, చెక్క మళ్లీ తేమ పట్టాక కమ్ములు పొట్టిగా మిగిలేవి.

గదికి నీళ్లు పెట్టడానికి మొదట కొన్నది అల్ట్రాసోనిక్ రకం హ్యూమిడిఫైయర్, అంటే గాలికి తేమ పెట్టే యంత్రం. చల్లటి పొగమంచులా తుంపర చిమ్మేది. చూడటానికి బాగుండేది, చప్పుడు లేదు. రెండు వారాలు తిరక్కుండానే నల్లటి గిటారు మీద సున్నం చల్లినట్లు తెల్లటి పొడి పేరుకుంది. ఆ యంత్రం నీటిని ఆవిరి చేయదు, చిన్న చిన్న బిందువులుగా విరగ్గొట్టి గాలిలోకి విసురుతుంది. కుళాయి నీటిలోని లవణాలు కూడా ఆ బిందువులతో పాటే ఎగిరి, నీరు ఆరాక పొడిగా మిగులుతాయి. డిస్టిల్డ్ వాటర్ పోస్తే ఈ బాధ లేదు. కానీ రోజూ లీటర్ల కొద్దీ మోసుకు రావడం ఒక్క చలికాలానికే విసుగు పుట్టించింది.

ఆ తర్వాత కొన్నదే ఇప్పటికీ వాడుతున్న వత్తి రకం. పని చేసే తీరు చాలా సాదా. దీపం వత్తి నూనె పీల్చినట్లు మందపాటి వత్తి తొట్టెలోని నీటిని పైకి పీలుస్తుంది, ఫ్యాను దాని గుండా గాలి తోస్తుంది. లవణాలు వత్తిలోనే చిక్కుకుంటాయి కాబట్టి కుళాయి నీళ్లు పోసినా తెల్ల పొడి రాదు. నాకు నచ్చిన గుణం ఇంకొకటి ఉంది. గాలిలో తేమ పెరిగేకొద్దీ వత్తి ఆరడం దానంతట అదే నెమ్మదిస్తుంది. మీట సరిగా పెట్టడం మరిచిపోయినా గది చిత్తడి కావడం కష్టం.

తయారీదారులు పెట్టె మీద రాసే వైశాల్యాన్ని మాత్రం నేను నమ్మను. ఒకరోజు కూర్చుని నా గదికి లెక్క వేశాను. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు వెడల్పు, 2.7 మీటర్ల ఎత్తు, అంటే సుమారు 43 ఘనపు మీటర్ల గాలి. బయట సున్నా డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలి కూడా లోపలికి వచ్చి 21 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 20 శాతానికి పడిపోతుంది. నీరు ఎక్కడికీ పోలేదు, వేడి గాలి పట్టగలిగే నీరు పెరిగింది, అంతే. ఆ 20ని గిటార్లకు మంచిదనే 45 చేయడానికి నా గదికి కావలసిన నీరు దాదాపు 200 గ్రాములు. ఒక గ్లాసు! మరి తొట్టె రోజూ ఎందుకు ఖాళీ అవుతోంది? సందుల్లోంచి గాలి మారిపోతుంటుంది. రెండు గంటలకు ఒకసారి గదిలోని గాలంతా మారుతుందనుకుంటే, గంటకు 100 గ్రాముల చొప్పున రోజుకు దాదాపు రెండున్నర లీటర్లు. నా యంత్రం తాగేది కూడా ఇంచుమించు అంతే.

ఈ లెక్క తేలాక నేను చేసిన మొదటి పని తలుపు కింద సందుకు గుడ్డ చుట్ట పెట్టడం. తలుపు తీసి ఉంచితే యంత్రం ఇల్లంతటికీ తేమ పంచుతూ ఎక్కడా చాలకుండా చేస్తుంది. గుడ్డ చుట్ట పెట్టిన రోజు నుంచి అదే యంత్రం, అదే వేగంతో, గదిని 45కు సులువుగా తెచ్చింది.

45 అని నాకెలా తెలుసు? మొదటి చలికాలమంతా తెలియదు, తెలుసని మాత్రం అనుకున్నాను. గిటారు కేసుతో పాటు వచ్చిన ముల్లు హైగ్రోమీటరు (తేమ కొలిచేది) 45 చూపిస్తుంటే నిశ్చింతగా ఉన్నాను. కమ్ములు గీరుకుంటున్నా అనుమానం రాలేదు, ముల్లు చెబుతోంది కదా అని. తర్వాత ఉప్పు పరీక్ష చేశాను. సీసా మూతలో మామూలు ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేదాకా చుక్కలు చుక్కలుగా నీరు కలిపి, హైగ్రోమీటరుతో పాటు గాలి చొరబడని డబ్బాలో రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంచాను. ఉప్పు నీరుగా కరిగిపోకూడదు, ముద్దగానే ఉండాలి. అప్పుడు ఆ డబ్బాలో గాలి 75 శాతం దగ్గర నిలుస్తుంది. నా ముల్లు 86 దగ్గర హాయిగా కూర్చుంది. అంటే అది 45 అన్నప్పుడల్లా నిజం 34 చుట్టుపక్కల ఉండి ఉండాలి. ఇప్పుడు రెండు డిజిటల్ మీటర్లు ఉన్నాయి, ఏటా చలికి ముందు వాటికీ ఈ పరీక్ష తప్పదు. యంత్రం మీదుండే అంకెను అసలు చూడను. తన తడి గాలిని తానే కొలుచుకునే సాక్షి మాట ఏం నమ్మేది? మీటరు గిటార్ల ఎత్తులో, వాటి పక్కనే ఉండాలి. గిటార్లేమో బయటి గోడకూ హీటరుకూ దూరంగా, ఫ్యాను గాలి నేరుగా తగలని చోట ఉండాలి.

ఇక లోపాలు. వత్తి గట్టిపడుతుంది, అది ఖాయం. ఆరు వారాలకల్లా అంచులు అప్పడంలా పెళుసెక్కి, పీల్చడం తగ్గి, తొట్టె నిండుగా ఉన్నా మీటరు 38 దగ్గర వేలాడుతుంది. వెనిగరు కలిపిన నీటిలో నానబెడితే కొన్నాళ్లు బతుకుతుంది, కానీ చలికాలానికి రెండు మూడు కొత్తవి కావాల్సిందే. తొట్టె వారానికి ఒకసారి తోమకపోతే వాసన వస్తుంది. అడుగున జారుడు పొర ఒకటి పడుతుంది, దాన్ని చేత్తో తాకినవాడు మళ్లీ బద్ధకించడు. పెద్ద వేగంలో ఫ్యాను శబ్దం మైకులో వినబడుతుంది. రికార్డు చేసేటప్పుడు ఆపేస్తాను, గంట సేపటికి ఏమీ కాదు. ఆవిరికి కావలసిన వేడి గది గాలి నుంచే పోతుంది కనుక గది కాస్త చల్లబడుతుంది కూడా.

కిటికీ సంగతి మొదటి ఏడాది నాకు తట్టలేదు. 21 డిగ్రీల గదిలో 45 శాతం తేమ ఉంటే, దాదాపు 9 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ప్రతిచోటా నీరు పడుతుంది. ఒకే అద్దమున్న కిటికీ అంతకన్నా చల్లబడటానికి పెద్ద చలి అక్కర్లేదు. చట్రం మూలన నల్లటి బూజు చూశాక, బాగా చలి ఉన్న రోజుల్లో 40కి దించుతున్నాను. 40 దగ్గర గిటార్లు ఏమీ అనలేదు. 45 నుంచి 55 మంచిదని అంతా చెప్పేది నిజమే, కానీ గోడలు కూడా మనవే.

ఒకటో రెండో గిటార్లు ఉన్నవాళ్లు ఈ యంత్రం కొనాలా? అక్కర్లేదనే నా అభిప్రాయం. మంచి కేసు, అందులో 49 శాతం దగ్గర తేమను నిలిపే ఉప్పు ద్రావణం సంచులు, ఒక మీటరు చాలు. సంచులు గట్టిపడితే మార్చడమే పని. గిటారు పై పలక మీది గుండ్రటి రంధ్రంలో (సౌండ్‌హోల్) వేలాడదీసే తడి స్పంజి కూడా పనిచేస్తుంది, బాగా పిండి పెట్టే ఓపిక ఉంటే. నేను యంత్రం వైపు వెళ్లడానికి కారణం బద్ధకం. కేసులో ఉన్న గిటారును నేను వాయించను. స్టాండు మీద కళ్లెదుట ఉంటేనే చేయి వెళుతుంది. మొత్తం చెక్కతో చేసిన గిటార్లకే ఈ జాగ్రత్తలని కొందరు అంటారు. ప్లైవుడ్ పలకలు తట్టుకునే మాట నిజమే, కానీ వాటి ఫ్రెట్‌బోర్డు కూడా చెక్కే. నా చవక గిటారు కమ్ములు కూడా గీరుకున్నాయి.

ఊరు వెళ్లేటప్పుడు మాత్రం మూడింటినీ కేసుల్లో పెట్టి, ఒక్కోదానిలో రెండేసి సంచులు వేసి వెళతాను. కిందటి చలికాలంలో పది రోజులు లేను. తిరిగి వచ్చేసరికి తొట్టె ఎండిపోయి ఉంది, గదిలో మీటరు 24 చూపిస్తోంది. కేసు తెరిస్తే లోపలి మీటరు 46.