రాజీవ్ హత్య: వర్మ వైపా, జైన్ వైపా?

1991 మే 21 రాత్రి శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీని చంపారు. ఆ మాట ఎత్తితే చాలు, అమలాపురం దగ్గర కాలవ గట్టు మీది మా టీ కొట్టు రెండు పార్టీలవుతుంది. ఆ హత్యపై ప్రభుత్వం వేసిన రెండు విచారణ కమిషన్లలో మా బాబాయి జస్టిస్ వర్మ కమిషన్ వైపు, మావయ్య జైన్ కమిషన్ వైపు.

వర్మ చూసింది భద్రత ఎక్కడ జారిందని. దండ పట్టుకొచ్చిన అమ్మాయి కాళ్లకు దణ్ణం పెట్టబోయినట్టు వంగి, నడుముకున్న బాంబు పేల్చేసింది. అంత దగ్గరికి ఎలా రానిచ్చారు? ఆ పేలుడులోనే పోయిన ఫొటోగ్రాఫర్ హరిబాబు కెమెరా మాత్రం మిగిలింది. అందులోని ఫొటోలే దర్యాప్తుకు దారి చూపాయి. బాబాయికి అదే బలం: "కళ్లకు కనపడేది వదిలి ఎక్కడెక్కడో వెతుకుతారేంట్రా?"

జైన్ వల మాత్రం పెద్దది. వెనకున్నదెవరన్నదే ఆయన ప్రశ్న. 1997లో మధ్యంతర నివేదిక బయటికొస్తే గుజ్రాల్ ప్రభుత్వమే కూలిపోయింది. 1998లో మిగిలిన కుట్ర కోణాలు తేల్చమని సీబీఐ కింద ప్రత్యేక ఏజెన్సీ పెట్టారు. పేర్లు బోలెడు, సాక్ష్యం పల్చన. నాకైతే వర్మే నయం. కుట్ర లేదని కాదు, శ్రీలంక తమిళ మిలిటెంట్ల సంస్థ ఎల్‌టీటీఈ చేసిందని సుప్రీంకోర్టు 1999లోనే తేల్చింది. దాని పైన ఇంకో పెద్ద చెయ్యి ఉందనడానికే ఆధారం కావాలి.

మావయ్య ఒప్పుకోడు. ఆ సాయంత్రం విశాఖలో రాజీవ్ విమానం మొరాయించి, మళ్లీ బాగైందిగా, లేకపోతే ఆ రాత్రి శ్రీపెరంబుదూరు వెళ్లేవాడే కాదు! "అది బాగవ్వడం కూడా మామూలు విషయమేనంటావా అల్లుడూ?" అంటాడు, గ్లాసు కింద పెట్టి.