సంతకం చేసిన ఇల్లు వద్దనుకుంటే: ఇప్పుడే చెప్పాలా, చేరి ఖాళీ చేయాలా?

హైదరాబాద్‌లో 11 నెలల అద్దె అగ్రిమెంటు. అడ్వాన్సు కట్టేశారు, సామాను ఇంకా దింపలేదు.

ఖర్చు: ఇప్పుడే వద్దంటే అడ్వాన్సులో కొంత పోతుంది. చేరితే నోటీసు కాలం అద్దె, మెయింటెనెన్సు, లారీ ఖర్చు రెండుసార్లు, చివర్లో పెయింటింగ్ పేరిట కోత.

శ్రమ: ఇప్పుడైతే ఒక ఫోను, వెంటనే అదే మాట వాట్సాప్‌లో.

రిస్కు: ఓనరు అడ్వాన్సంతా ఉంచుకుంటాననొచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం, అగ్రిమెంటులో ఎంత రాసుకున్నా, ఓనరుకు దక్కేది ఆ మొత్తానికి మించని సమంజసమైన పరిహారమే. కానీ రెండు నెలల అడ్వాన్సుకు కోర్టు మెట్లెక్కేదెవరు? అద్దెకొచ్చే మరొకరిని మీరే చూపించండి, ఓనరు మెత్తబడతారు. చేరితే అసలు చిక్కు లాక్-ఇన్ క్లాజు, అంటే ఇన్ని నెలలదాకా ఖాళీ చేయకూడదనే షరతు.

ఊరే మారుతుంటే తాళాలు తీసుకోకముందే చెప్పేయండి. లాక్-ఇన్ లేక, నాలుగు నెలలైనా తలదాచుకోవాల్సి ఉంటే చేరిపోవడమే నయం.