టైల్స్ నేలకి వ్యాక్స్ పాలిషా, సీలరా, ఎపాక్సీనా: ఏది మేలు?

పండగ దగ్గరపడితే చాలు, అందరూ ఇదే అడుగుతున్నారు: టైల్స్ మెరుపు పోయింది, జాయింట్లు నల్లబడ్డాయి, వ్యాక్స్ పాలిష్ వేయించమంటారా, సీలర్ పట్టించమంటారా? నేనైతే సీలరే (లోపలికి ఇంకి మరకల్ని అడ్డుకునే ద్రవం) అంటాను, అదీ జాయింట్లకి మాత్రమే.

విట్రిఫైడ్ టైల్ నీళ్లనే అర శాతానికి మించి పీల్చుకోదు, ఇక వ్యాక్స్‌ని ఏం పీల్చుకుంటుంది? పైన పొరలా ఉండిపోయి, వంటగది గుమ్మం దగ్గరా సోఫా ముందూ త్వరగా అరిగి మచ్చలు మచ్చలుగా తేలుతుంది. దాని మీద నీళ్లు పడితే కాలు జారుతుంది కూడా, ఇంట్లో పెద్దవాళ్లుంటే అదొక టెన్షన్. ఎర్ర గచ్చుకి వ్యాక్స్ రుద్దితే అందం వస్తుంది నిజమే, ఆ లెక్క టైల్స్‌కి కుదరదు.

అసలు గొడవంతా జాయింట్లలోనే. జాయింట్ టైల్ కంటే కాస్త పల్లంగా ఉంటుంది కాబట్టి వ్యాక్స్ అక్కడికి చేరి మందంగా పేరుకుంటుంది, తడిబట్ట పెట్టిన ప్రతిసారీ మురికినీళ్లూ అక్కడికే వెళ్తాయి, దుమ్ము ఆ మెత్తటి పొరకి అతుక్కుపోతుంది. మెరుపు తగ్గిందని పైన ఇంకో కోటు వేస్తే ఆ మురికి లోపలే ఉండిపోతుంది. ఓ మూల నాణెం అంచుతో గీకి చూడండి. పసుపు పచ్చని మైనంలా తురుము లేస్తే మీ గ్రౌట్ (జాయింట్లలో నింపిన సిమెంట్ పూత) పాడవలేదు, దాని మీద వ్యాక్సే మురికి పట్టింది.

చాలామంది ఇక్కడే యాసిడ్ పోస్తారు. దయచేసి వద్దు. అది వ్యాక్స్‌ని కరిగించదు, కింద ఉన్న సిమెంట్‌ని తినేస్తుంది. తాండూరు బండలైతే బండనే తినేస్తుంది. వ్యాక్స్ స్ట్రిప్పర్ (వ్యాక్స్‌ని వదలగొట్టే ద్రవం) పోసి, డబ్బా మీద రాసినంత సేపు నాననిచ్చి, బ్రష్‌తో రుద్ది, ఆ జిడ్డుని ఆరనివ్వకుండా ఎత్తేసి, మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. కిటికీలు తెరిచి, గ్లోవ్స్ వేసుకుని చేయండి.

సీలర్ మెరుపు ఇవ్వదు. అది జాయింట్ లోపలికి ఇంకి, నూనె, పసుపు మరకలు లోపలికి దిగకుండా మనకి తుడుచుకునే టైం ఇస్తుంది. జాయింట్ మీద చుక్క నీళ్లు వేయండి: రంగు ముదిరితే సీలర్ కావాలి, చుక్క గుండ్రంగా నిలిస్తే పాత సీలరో వ్యాక్సో ఉన్నట్టే. వ్యాక్స్ ఉండగా సీలర్ లోపలికి దిగదు కాబట్టి ముందు అది పూర్తిగా పోవాలి, జాయింట్ బాగా ఆరాలి. టైల్ మీద పడిన సీలర్‌ని వెంటనే తుడిచేయండి, ఆరితే తెల్లటి మసక మిగులుతుంది.

ఎపాక్సీ అంటే సిమెంట్ బదులు జాయింట్లలో నింపే రెసిన్ గ్రౌట్. కొత్త ఇంటికి, బాత్రూంకి బ్రహ్మాండం, సీలర్ అక్కర్లేదు. పాత ఇంట్లో అయితే జాయింట్లు తవ్వించాలి, ఖర్చెక్కువ, చేయి తిరిగిన మేస్త్రీ కావాలి.

ఇవేవీ వద్దనుకుంటే సబ్బు తగ్గించి, ఒక్కో గదికి బకెట్లో నీళ్లు మార్చి తుడవండి, జాయింట్లు అంత తొందరగా నల్లబడవు.