పాత బండితో ఏడేళ్ళు: నా పనిముట్ల పెట్టెలో అక్కరకు వచ్చినవి, రానివి

1960ల నాటి 350 సీసీ సింగిల్ సిలిండర్ బ్రిటిష్ బండి ఇంటికి తెచ్చుకున్న రోజున నా దగ్గర ఉన్నవి ఒక స్క్రూడ్రైవరు, అటూ ఇటూ తిప్పి వెడల్పు మార్చుకునే ఒక పానా, అవసరానికి మించిన ధైర్యం. ధైర్యం మొదటి నెలలోనే పోయింది. పానాను మూడో నెలలో నేనే అవతల పారేశాను. ఆ తర్వాత ఒక్కొక్కటిగా కొన్న వస్తువులు ఏడేళ్ళ వాడకంలో ఎలా నిలిచాయో రాస్తున్నాను. బండిని పూర్తిగా విప్పి కొత్తదానిలా చేయాలనుకునేవారికి ఇది చాలదు. ఉన్న బండిని ఉన్నట్టుగా నడుపుకోవాలనుకునేవారికి పనికొస్తుంది.

పెట్టెలో అన్నిటికంటే చవక వస్తువు ఫీలర్ గేజ్. అన్నిటికంటే ఎక్కువ పని చేసిందీ అదే. చాకు మడతలా విచ్చుకునే పలుచని ఉక్కు రేకులు, ఒక్కోదాని మీద దాని మందం. పాయింట్లు (కరెంటును కలుపుతూ తెంపుతూ ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే రెండు లోహపు మొనలు) పూర్తిగా తెరుచుకున్నప్పుడు నా బండికి వాటి మధ్య సందు 0.38 మిల్లీమీటర్లు ఉండాలి. మొదట్లో రేకు దూరితే చాలనుకునేవాణ్ణి. దూరడం కాదు, బయటికి లాగేటప్పుడు పుస్తకం పేజీల మధ్య నుంచి కాగితం లాగినంత పట్టు వేళ్ళకు తెలియాలి. అది తెలియడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఇంకో పొరపాటు కూడా చేశాను. రేకులకు తుప్పు పట్టకుండా పూసిన నూనె తుడవకుండానే లోపల పెట్టాను. ఆ నూనె పాయింట్ల మీద అంటుకుని, సందు కచ్చితంగా ఉన్నా బండి తడబడింది. ఇప్పుడు కొలత అయ్యాక శుభ్రమైన కాగితం ముక్కను పాయింట్ల మధ్య పెట్టి, అవి మూసుకున్నాక మెల్లగా లాగుతాను. కాగితం మీద నల్లటి గీత పడటం ఆగేదాకా ముక్కలు మారుస్తూనే ఉంటాను.

ఈ సందును పట్టించుకోకపోతే టైమింగు, అంటే నిప్పురవ్వ పడే క్షణం, కూడా చేయి దాటిపోతుంది. పాయింట్లను తెరిచే తిరుగుడు గుబ్బ, అదే కామ్, మీద రాసుకునే ఫైబరు మడమ అరిగేకొద్దీ సందు తగ్గుతుంది, సందు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, నిప్పురవ్వ ఆలస్యమవుతుంది. అందుకే ముందు సందు, తర్వాతే టైమింగు. నేను రెండేళ్ళు ఈ పనిని తలకిందులుగా చేసి, ప్రతి ఆదివారం టైమింగు ఎందుకు జరిగిపోతోందా అని తల పట్టుకున్నాను.

నాకు అసలు పాఠం చెప్పింది మాత్రం కండెన్సరు. బండి చల్లగా ఉన్నప్పుడు రెండు కిక్కులకే అందుకునేది. ఇరవై నిమిషాలు నడిచాక దగ్గి, తుమ్మి, ఆగిపోయేది. పావుగంట చెట్టు కింద నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయ్యేది. నేను పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటరును పదకొండు సార్లు విప్పాను. పైలట్ జెట్టులో దుమ్ము వెతికాను, నీడిల్ క్లిప్పు ఒక గాటు పైకి, ఒక గాటు కిందికి మార్చాను, ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుందేమోనని మూత వదులు చేసి తిరిగాను. పాత బండ్లు బాగుచేస్తూ జీవితం గడిపిన ఒక పెద్దాయన నా అవస్థ చూసి, “కార్బ్యురేటరు జోలికి పోయే ముందు నిప్పు సంగతి చూసుకో బాబూ” అన్నారు. విన్నాను, నమ్మలేదు.

ఒక సాయంత్రం వెలుతురు తగ్గాక, ఇంజను వేడిగా ఉండగా పాయింట్ల మూత తీసి స్టార్ట్ చేశాను. పాయింట్ల మధ్య నీలిరంగు మంట తెంపు లేకుండా వెలుగుతోంది. మామూలుగా అయితే అక్కడ కంటికి ఆనీ ఆనని చిన్న మెరుపు మాత్రమే ఉండాలి. పాయింట్లు విడిపోయిన క్షణంలో కాయిలులోని (ప్లగ్గుకు వోల్టేజి పెంచే తీగ చుట్టలోని) కరెంటు ఆగడానికి ఒప్పుకోదు, ఆ సందును దూకడానికి చూస్తుంది. దాన్ని తనలోకి తీసుకుని కరెంటును చటుక్కున ఆపడం కండెన్సరు పని. కరెంటు ఎంత చటుక్కున ఆగితే ప్లగ్గు దగ్గర వోల్టేజి అంత లేస్తుంది. నా కండెన్సరు వేడెక్కగానే చేతులెత్తేస్తోంది. 3000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర, రెండు చుట్లకు ఒకసారి చొప్పున, పాయింట్లు సెకనుకు 25 సార్లు తెరుచుకుంటాయి. అన్నిసార్లూ ఆ మంట వాటిని కాలుస్తోంది. బొటనవేలంత కండెన్సరు డబ్బా మార్చాను. పదకొండు సార్లు విప్పిన కార్బ్యురేటరులో అసలు ఏ లోపమూ లేదు, నా స్క్రూడ్రైవరు గాట్లు తప్ప.

మల్టీమీటరు మీద పెట్టుకున్న ఆశ సగమే నెరవేరింది. ఇంజను ఆపి ఉన్నప్పుడు తెగిన వైరు, తుప్పు పట్టిన ఎర్తు పట్టుకోవడానికి దానికి సాటి లేదు. ఇంజను నడుస్తుండగా పెడితే మాత్రం ప్లగ్గు వైరు పుట్టించే అలజడికి అంకెలు పిచ్చిపట్టినట్టు గెంతుతాయి. పాయింట్లు సరిగ్గా ఏ క్షణంలో విడిపోతున్నాయో చూడటానికి రెండు వైర్లు కట్టిన ఆరు వోల్టుల బల్బే ఇప్పటికీ వాడుతున్నాను.

పానాల దగ్గర నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి, ఈ బండి బోల్టులు మిల్లీమీటర్ల లెక్కలో పుట్టలేదని. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన పద్ధతిలో మర కోణం 55 డిగ్రీలు, మెట్రిక్‌లో 60. ఆ పానాల మీద ఉండే అంకె కూడా నోటి వెడల్పు కాదు, బోల్టు కాడ మందం. మెట్రిక్ పానా దాదాపుగా పడుతుంది, ఆ ‘దాదాపు’ వల్లే నట్టు మూలలు గుండ్రమవుతాయి. విట్‌వర్త్ పానాల కట్ట ఖరీదే, అయినా దాని విషయంలో పిసినారితనం పనికిరాదు. సుత్తితో కొడితే లోపలికి నొక్కుతూనే తిరిగే ఇంపాక్ట్ డ్రైవరూ అంతే, ఏడాదికి రెండు సార్లే బయటికి తీస్తాను, తీసిన రెండు సార్లూ పరువు నిలబెట్టింది.

బోల్టును ఎంత బలంగా బిగిస్తున్నామో కొలిచి, పెట్టిన కొలత రాగానే ‘టక్’మనే టార్క్ రెంచి నాకు నిరాశే. తప్పు వస్తువుది కాదు, ఎంపిక నాది. 200 న్యూటన్ మీటర్ల దాకా వెళ్ళే పెద్దది కొన్నాను. అల్యూమినియం కవరు చిన్న బోల్టుకు 10 చాలు. అంత తక్కువ కొలత దగ్గర దాని ‘టక్’ చప్పుడు నా చేతికి తెలియనే లేదు, మర ఊడి బోల్టుతో పాటు బయటికి వచ్చింది. రంధ్రం పెద్దది చేసి లోపల ఉక్కు తీగ చుట్ట దించాల్సి వచ్చింది. ఇప్పుడు చిన్నది ఒకటి కొని, వాడాక దాని స్ప్రింగును కనిష్ఠ కొలతకు తిప్పి మరీ పెట్టెలో పెడుతున్నాను.

రిపేరు పుస్తకం గురించి ఒక్క మాట: ‘విప్పిన క్రమానికి వెనక నుంచి బిగించండి’ అని రాసినవాడు ఎప్పుడూ ఏదీ బిగించి ఉండడు. ఫోనుతో తీసుకునే ఫోటోలు ఆ పుస్తకం కంటే నయం.

సిలిండరు బోరింగు, క్రాంకు పని ఇంట్లో చేయను. వాటికి యంత్రాలు కావాలి. మిగిలినవన్నీ, క్లచ్చు ప్లేట్లతో సహా, ఇప్పుడు నా చేతి మీదుగానే జరుగుతాయి. ఆయిలు మార్చినప్పుడు డ్రెయిన్ బోల్టు రాగి వాషరును కూడా కొత్తది కొనడం మానేశాను. గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి నీళ్ళలో వేస్తే మళ్ళీ మెత్తబడుతుంది.

లొంగనిది ఒక్కటే మిగిలింది. గేరుబాక్సు కవరు అడుగు నుంచి రోజుకు నాలుగైదు చుక్కల ఆయిలు. గాస్కెట్టు (ఆయిలు కారకుండా కవరు అతుకులో పెట్టే పలుచని పొర) మూడు సార్లు మార్చాను. మూడోసారి కవరు విప్పినప్పుడు అంచు వెంట వేలు నడిపితే ఒకచోట గోరు తగిలింది: నాకంటే ముందు ఎవరో కవరును స్క్రూడ్రైవరుతో పెకలించిన గాటు. సన్నని ఉప్పుకాగితం గాజు పలక మీద పరిచి, దాని మీద కవరును రెండు గంటలు రుద్దాను. గోరు ఇంకా తగులుతూనే ఉంది. బండి కింద అట్టముక్క ఉంది.