డాక్‌స్ట్రింగ్ ఏ పద్ధతిలో రాయాలి? స్ఫింక్స్, నంపై, గూగుల్: ఏది మేలు?

పైథాన్‌లో ఫంక్షన్ పేరు కింద, మూడేసి కొటేషన్ల మధ్య రాసే వివరణే డాక్‌స్ట్రింగ్. అది ఎలా మొదలవ్వాలో 2001 నాటి పెప్ 257 (పైథాన్ వాళ్ల అధికారిక సూచనల పత్రాల్లో ఒకటి) చెప్పేసింది: మొదట ఒకే వాక్యం, చివర ఫుల్‌స్టాప్, ఒక ఖాళీ లైను, ఆపైన వివరాలు. ఇన్‌పుట్‌లను ఏ గుర్తులతో, ఏ వరసలో రాయాలో మాత్రం తేల్చలేదు. అందుకే ఇవాళ మూడు పద్ధతులు పక్కపక్కనే నడుస్తున్నాయి: డాక్‌స్ట్రింగ్‌ల నుంచి వెబ్ పేజీలు తయారుచేసే స్ఫింక్స్ టూల్‌ది ఒకటి, నంపై అనే లెక్కల లైబ్రరీది ఒకటి, గూగుల్ కంపెనీది ఒకటి. నెల్లూరులోనో ఒంగోలులోనో నలుగురైదుగురు కూర్చుని రైస్ మిల్లులకు, రొయ్యల చెరువులకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న టీమ్‌కి వీటిలో ఏది సరిపోతుందో చూద్దాం.

ధాన్యం బిల్లు లెక్కగట్టే ఫంక్షన్ ఒకటి ఉందనుకోండి. స్ఫింక్స్ పద్ధతిలో ఇలా ఉంటుంది:

:పారామ్ పుట్లు: ధాన్యం, పుట్లలో. పుట్టి అంటే 850 కిలోలు.
:పారామ్ ధర: పుట్టికి ఇన్ని రూపాయలని.
:రిటర్న్స్: రైతుకు ఇవ్వాల్సిన మొత్తం, రూపాయల్లో.

కాలేజీలో జావా నేర్చుకుని వచ్చినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు, జావా కోడ్‌కి వివరణ రాసే జావాడాక్‌లో 'పారామ్' రాసిన అలవాటే. పైథాన్ ఎడిటర్ పైచార్మ్ కూడా మొదట్లో ఈ పద్ధతికే సెట్ అయి ఉంటుంది. కానీ మనం డాక్‌స్ట్రింగ్‌ని ఎక్కువగా చదివేది వెబ్ పేజీలో కాదు, ఎడిటర్‌లో. అక్కడ ఈ కోలన్ల గుంపులో అసలు మాట వెతుక్కోవాల్సి వస్తుంది. ఇన్‌పుట్‌లు ఆరేడు దాటితే మరీ కష్టం.

అదే గూగుల్ పద్ధతిలో:

ఆర్గ్స్:
    పుట్లు: ధాన్యం, పుట్లలో. పుట్టి అంటే 850 కిలోలు.
    ధర: పుట్టికి ఇన్ని రూపాయలని.
రిటర్న్స్:
    రైతుకు ఇవ్వాల్సిన మొత్తం, రూపాయల్లో.

ఏ పేరు ఎక్కడుందో చూడగానే తెలుస్తుంది, రాయడానికీ చేయి ఆగదు. నా ఓటు దీనికే.

నంపై పద్ధతిలో ప్రతి శీర్షిక కింద గీతలు గీయాలి, పేరు ఒక లైనులో, వివరణ మరో లైనులో రాయాలి. మూడు లైన్ల ఫంక్షన్‌కి ఇరవై లైన్ల డాక్‌స్ట్రింగ్ అవుతుంది. పాండాస్, సైపై లాంటి పెద్ద లైబ్రరీలకు అది సరిపోయింది, ఎందుకంటే అక్కడ ఫార్ములాలు, ఉదాహరణలు, గమనికలు అన్నీ చెప్పాలి. చెరువులో రొయ్యల కౌంట్, వయసు, నీటి వేడి అన్నీ తీసుకుని రోజు మేత లెక్కగట్టే ఫంక్షన్‌కి నేనైనా దీన్నే వాడతాను. బిల్లులు కొట్టే ప్రోగ్రామ్‌కి మాత్రం వద్దు.

ఇక్కడ కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, ఫంక్షన్‌లో టైప్ రాసేశాను కదా, మళ్లీ ఇదంతా ఎందుకు?" ప్రశ్న న్యాయమైనదే. 2015లో పైథాన్ 3.5తో టైప్ హింట్‌లు (ఇన్‌పుట్ ఏ రకమో ఫంక్షన్ లైనులోనే రాసే వీలు) వచ్చాక, డాక్‌స్ట్రింగ్‌లో మళ్లీ 'ఫ్లోట్' (దశాంశ సంఖ్య) అని రాయడం దండగ. ఒకచోట మార్చి రెండోచోట మరిచిపోతే చదివేవాడు ఏది నమ్మాలి?

అయితే టైప్ చెప్పలేనిది చాలా ఉంది. పన్నెండు పుట్లంటే 10,200 కిలోలు, అంటే 102 క్వింటాళ్లు. ధర క్వింటాకి అనుకుని ఎవరైనా ఆ రేటుని 12తో గుణిస్తే రైతు చేతికి ఎనిమిదిన్నర రెట్లు తక్కువ వస్తుంది. రెండూ ఫ్లోట్‌లే కాబట్టి కంప్యూటర్ నోరు మెదపదు. తేమ కూడా అంతే: 17 శాతాన్ని 17 అని ఇవ్వాలా, 0.17 అనా? మన జిల్లావాడికి పుట్టి లెక్క చెప్పక్కర్లేదు, కానీ రేపు ఆ కోడ్ తెరిచేది హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మాయి కావచ్చు. డాక్‌స్ట్రింగ్‌లో స్థలమంతా ఈ కొలతలకు, ఖాళీ వస్తే ఏం చేయాలన్నదానికి, ఏ తప్పుకి ఏ ఎర్రర్ వస్తుందన్నదానికి పోవాలి. పద్ధతి ఏదైనా ఇవి లేకపోతే అది ఉత్త అలంకారం.

తెలుగులో రాయొచ్చా? రాయొచ్చు. పైథాన్ 3 సోర్స్ ఫైల్‌ని యూటీఎఫ్-8గానే చదువుతుంది, ఇబ్బంది రాదు. టీమ్ అంతా తెలుగువాళ్లే అయితే మిల్లు లెక్కలు తెలుగులో రాసుకోవడమే నయం. బయటికి ఇచ్చే లైబ్రరీ అయితే ఇంగ్లీషే.

ఇప్పటికే స్ఫింక్స్ పద్ధతిలో రాసిన పాత కోడ్ ఉంటే అంతా ఒక్కసారిగా తిరగరాయొద్దు. 2015లో స్ఫింక్స్ 1.3తో కలిసి వచ్చిన నెపోలియన్ ఎక్స్‌టెన్షన్ గూగుల్, నంపై పద్ధతులను చదివి స్ఫింక్స్‌కి తెలిసిన రూపంలోకి మారుస్తుంది. కాబట్టి పాతవీ కొత్తవీ ఒకే డాక్యుమెంటేషన్‌లో కలిసిపోతాయి. ఏ ఫైల్‌లో పని పడితే ఆ ఫైల్ మార్చుకుంటూ పోండి. ఒకే ఫైల్‌లో రెండు పద్ధతులు మాత్రం ఉంచొద్దు. పైథాన్ కోడ్‌లో తప్పులు పట్టే టూల్ రఫ్‌లో డాక్‌స్ట్రింగ్ రూల్స్ ఆన్ చేసి, కన్వెన్షన్ దగ్గర గూగుల్ అని పెడితే, తప్పిన చోట్లు చాలావరకు అదే చూపిస్తుంది. ఆ సెట్టింగ్ ప్రాజెక్ట్ మొదలైన రోజే పెట్టుకోండి.